పేరు చెప్పలేదు, అంచు చెప్పిన

గద్వాలల మా మగ్గాల గల్లీ మూలకు ఒక చాయ్ హోటలుంది. అక్కడ నేను ఊదరగొట్టిన ముచ్చట ముందుగాల రాస్త.

"పిల్లను ఎంటబెట్టుకొని స్టేషనుకు పోయిన. రైటరు, 'సంగతి జరిగింది వనపర్తి దిక్కు, అక్కడనే ఇచ్చుకోండ్రి' అన్నడు. టేబుల్ మీద ఒక్క గుద్దు గుద్దిన. 'ఎక్కడ జరిగినా ఏ స్టేషన్ల ఇచ్చినా ఫిర్యాదు తీసుకోవాలె, తెల్వదా నీకు?' అన్న. ఎస్సై లేచొచ్చి నాకు కుర్చేసిండు. ఆడ పోలీసును పిలిపిచ్చి, పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయిపిచ్చిన. ఎఫ్ఐఆర్ నకలు పైసా లేకుండ చేతుల పెట్టిపిచ్చిన."

ఇందుల జరగంది ఏందంటే, నేను. మిగతాదంతా జరిగింది. టేబుల్ ఎవ్వరూ గుద్దలేదు. చట్టం చెప్పింది ఆడోళ్ల సహాయ కేంద్రం నుంచి వచ్చిన మేడం, మెల్లగనే చెప్పింది. నేను బయట బెంచీ మీద కూసున్న. నాకు ఎస్సై కుర్చీ ఎయ్యలేదు. ఒక కానిస్టేబులు మాత్రం "పెద్దాయనా, జర పక్కకు జరుగు, బండి పెట్టాలె" అన్నడు. జరిగిన.

పిల్ల మా పక్కింటామె బిడ్డ. తండ్రి లేడు. తల్లి మగ్గం నేస్తది, పిల్ల డిగ్రీ చదువుకుంట తల్లికి కండెలకు నూలు చుట్టి ఇస్తది. మా ఇంటామెను అవ్వా అంటది, నన్ను తాతా అంటది. ఆ దినం వనపర్తిల చుట్టాల ఇంటికి పండుగకు పోయింది. బస్సు తప్పింది. వాళ్లకు నూలు, పట్టు ఇచ్చే షావుకారి తమ్ముడు కార్ల అటే వస్తుండె. "గద్వాలకే పోతున్న, ఎక్కు బిడ్డా" అన్నడు. తెలిసినోడు గదా అని ఎక్కింది. తోవల ఏమైందో నేను రాయను. అది ఆమెది.

తల్లికి చెప్పే ధైర్యం లేక ముందు మా ఇంటామె దగ్గరికొచ్చింది. మా ఇంటామె కేంద్రానికి ఫోన్ జేసింది. "నీళ్లు పోసుకోవద్దు, చీర పిండొద్దు, అట్లనే రాండ్రి" అన్నరంట. స్టేషన్ అయినంక దవాఖాన. లేడీ డాక్టరు ప్రతిదానికి ముందు పిల్లను అడిగి, సరే అంటేనే చేసిందని మా ఇంటామె తర్వాత చెప్పింది. దవాఖాన వరండాల నా కండ్లవడ్డది ఒక్కటే: పిల్ల కట్టుకున్న చీరను కాగితం కవర్ల పెట్టి ముద్రేసుడు.

ఆ మేడం అందరినీ నిలబెట్టి చెప్పింది. "పిల్ల పేరే కాదు, ఆమెను గుర్తుపట్టే ఏ మాట బయటికి పోయినా అది నేరం. ఇంట్లోళ్లకు గూడ ఇదే చెప్తున్న."

"ఆయనకు రెండుసార్లు చెప్పు మేడం" అన్నది మా ఇంటామె.

"నా నోరు మగ్గం గుంత లెక్క. లోపల పడ్డది బయటికి రాదు" అన్న నేను. మేడం నవ్వలేదు.

కొన్ని దినాలకు హోటల్ల ఒకడు ఎగతాళి మొదలువెట్టిండు. "ఏం తాతా, పోలీసు జీపు మీ గల్లీల ఆగిందంట! నిన్ను పట్టుకపోనీకేనా? ఏం దొంగతనం జేసినవే?" అందరు నవ్విండ్రు. నవ్వితే నేను ఊకుంటనా? పైన రాసినదంతా అప్పుడు ఎల్లదీసిన. గ్లాసులు ఆగినయి. నా జీవితంల అంత నిశ్శబ్దంగ నా మాట ఎవ్వరూ వినలేదు.

"ఎవరు తాతా ఆ పిల్ల?"

"పేరు చెప్తననుకున్నవారా? చట్టం తెలిసినోణ్ణి నేను." ఆడికి ఆగితే అయిపోతుండె. "పేరు సంగతి ఇడువు. గంత మంచి చీరను కాగితంల చుట్టి ముద్రేస్తుంటే నేసేటోని పాణం ఉసూరుమన్నదిరా" అన్న. అని, చీర రంగు చెప్పిన. అంచు చెప్పిన. అంచుల ఏ రంగు ఎక్కడ తెగి ఏ రంగు అతికిందో గూడ చెప్పిన.

ఇది ఊరు తెల్వనోళ్లకు విప్పి చెప్పాలె. మేము నేస్తం, కట్టేది వేరేటోళ్లు. కాకపోతే ప్రతి ఇంట్ల మిగులు పట్టు పోగువేస్తరు. షావుకారికి తెలుసు, తెల్వనట్టు ఉంటడు. ఏండ్లకేండ్లు పోగైనంక తల్లి దాంతోని బిడ్డకు ఒక్క చీర నేస్తది. మిగులు పట్టు కాబట్టి అంచు నడుమల రంగు అయిపోతది, అక్కడ దొరికిన రంగు అతుకుతరు. ఏ రెండిండ్ల చీరలు ఒక్కతీరు ఉండవు. మగ్గం మీదికెల్లి కోసిన నాడు గల్లీ అంతా వచ్చి చూసిపోతది. పిల్ల పండుగకు కట్టుకపోయింది అసొంటి చీరనే. మా వాళ్ల ముందర ఆ అంచు చెప్పుడంటే ఇంటి తలుపు చూపిచ్చుడే.

"ఓ... ఆ పిల్లనా!" అన్నడు ఒక ముసలాయన, నా ఈడువాడే.

అబద్ధమే నాకు అచ్చొచ్చిన విద్య, దాంతోనే దిద్దుకుందామనుకున్న. "కాదు కాదు, మరిచిన. అంచు పచ్చది."

"పచ్చంచా? అయితే మూలింటి పిల్లనా? మొన్ననే సంబంధం ఖాయమైంది గదనే!"

ఏ రంగు చెప్పినా దాంట్ల ఒక పిల్ల ఉన్నది. "ఆ పిల్ల గాదు, ఆ పిల్ల గాదు" అని మొత్తుకున్న. మొత్తుకొని, మొదటి పిల్లే అని నా నోటితోనే మల్లొకసారి చెప్పినట్టైంది.

అప్పటిదాక షావుకారి దిక్కు పెద్దమనుషులు ఏమీ తెల్వనట్టే ఉండిరి. తెలుసని చెప్తే, ఎట్ల తెలిసిందన్న ప్రశ్న వస్తది గదా. నా మాట వాళ్లకు తోవ ఇచ్చింది. తెల్లారే ఆ తల్లి గడపల కూసున్నరు. "ఊరంతా తెలిసినంక దాపరికం ఏందమ్మా? కోర్టుకెక్కితే ఇంక నాలుగూర్లు తెలుస్తది. ఇక్కడనే రాజీ అయిపోదాం."

ఆ తల్లి మా ఇంటికొచ్చింది. నేను అన్నం తింటున్న. "కాకా, నా బిడ్డ సంగతి హోటల్దాక ఎట్ల పోయింది?"

"గోడలకు చెవులుంటయి బిడ్డా" అన్న. ముద్ద మింగి మరీ అన్న.

ఆమె పోయినంక మా ఇంటామె తలుపు దగ్గరికేసింది. "నువ్వేనా?"

"నేనెందుకు చెప్త?"

ఆమె నా పళ్లెం తీసుకపోయింది. అప్పుడు "నేనే" అన్న, ఆమె ఈపుకు.

పిల్ల మెజిస్ట్రేటు ముందర వాంగ్మూలం ఇచ్చే దినం దగ్గరికొచ్చింది. పిల్ల పోనన్నది. "జడ్జి ముందర చెప్పేది గూడ హోటల్ల చెప్పుకుంటరేమో" అన్నదంట. మేడం వచ్చింది. అది మూసిన గది అనీ, నిందితుడు ఉండడనీ, పోలీసులు గూడ బయటనే ఉంటరనీ, వకీలును సర్కారే ఇస్తదనీ, రాజీ అని గడప తొక్కినోళ్ల మీద గూడ ఫిర్యాదు చేయొచ్చనీ ఓపికగ చెప్పింది. పిల్ల తల ఎత్తలేదు. అందరి నడుమ నేను లేచి, బయట పెట్టింది నేనేనని చెప్పిన.

మేడం, "అమ్మాయి కావాలంటే మీ మీద గూడ కేసు పెట్టొచ్చు" అన్నది.

"పెట్టు బిడ్డా, జైలుకు పోత" అన్న. అన్నంక తెలిసింది, అది గూడ హోటల్ మాటే. పెద్దమనిషి, ఇడువుండ్రి అని ఎవరన్న అంటరని చూసిన. ఎవ్వరూ అనలేదు.

పిల్ల అప్పుడు నన్ను చూసింది. "తాతా, స్టేషన్ల లోపల నాకు మాట రాకపోతుండె. బయట తాత కూసున్నడు గదా అనుకొని చెప్పిన" అన్నది. తిట్టినా బాగుండు.

తర్వాత తల్లితోని అన్నది. "పోత అమ్మా. వాళ్ల నోళ్లల్ల తిరిగేది వేరు, నేను చెప్పేది వేరు. నాది ఒక్కకాడన్న ఉండాలె." నా దిక్కు తిరిగి, "నువ్వు రావద్దు" అన్నది.

పోలేదు. పిల్ల, తల్లి, మా ఇంటామె ఆటోల పోయిండ్రు. నేను అరుగు మీద కూసున్న. హోటల్ల నుంచి ఒకడొచ్చి, "ఏమైతుందంట కోర్టుల?" అని అడిగిండు. తెల్వదన్న. "నీకు తెల్వకుండ ఉంటదా తాతా? చెప్పు, ఎవ్వరికీ చెప్పను" అన్నడు. నిజం చెప్తుంటే నమ్మలేదు.

పొద్దుగూకక ముందే ఆటో వచ్చింది. మా ఇంటామె దిగి, "చెప్పింది. అంతా చెప్పింది" అని లోపలికి పోయింది. ఏం చెప్పిందని నేను అడగలేదు. పిల్ల మా అరుగు ముందర నుంచి వాళ్లింటికి నడిచి పోయింది. ఎప్పుడు పోయినా "తాతా, తిన్నవా?" అని అడిగే పిల్ల. నేను లేచి నిలబడ్డ. నన్ను దాటుకొని, తలుపు తెరిచి, లోపలికి పోయింది.