సారక్క కుడిచేయి

దుర్గాపూర్ రోడ్డులోని కాలేజీ ల్యాబులో సారక్క అటెండరు. పేరుకే అటెండరు! గాజుగొట్టాన్ని మంట మీద ఎర్రగా కాల్చి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగిందంటే కంటికానని మొనతో సూది తయారు. దాన్ని చెరువునాచులోని ఒకే ఒక్క కణంలోకి దించి, లోపల ఎంత వోల్టేజీ ఉందో కొలుస్తారు. ఈ ప్రయోగాలు చేయించే జెస్లిన్ మేడం పెద్ద చదువులు చదివింది గానీ పాపం చెయ్యి వణుకుతుంది. అందుకే దించేదీ సారక్కే. జంకితే కణం చస్తుంది, ఒక్క పోటుతో దిగాలి.

ఆ చేతి మీదే ఆమె మొగుడు రాయమల్లుకు కడుపుమంట. బొగ్గు గనిలో ఇరవై ఏళ్లు మందు పేల్చినవాడు, తాగి తాగి పని పోగొట్టుకున్నాడు. పెళ్లాం మీద ప్రతాపం మాత్రం పోలేదు. దసరాకు ఆమె ఎడమ చిటికెనవేలు రోకలితో చితక్కొట్టాడు. "కుడిచెయ్యి గూడ ఇరగ్గొడ్త. గప్పుడు ఇంట్ల పడుంటవ్" అని నిన్ననే అన్నాడు.

అన్నంత పనీ చెయ్యడానికి వచ్చాడు సచ్చినోడు! సారక్క సూది దించి మీటరు చూస్తుండగా లోపలికి జొరబడ్డాడు. అడ్డమొచ్చిన మేడంను గోడకేసి నెట్టాడు. సారక్క జుట్టు పట్టి ముఖాన్ని బల్లకేసి బాదాడు. పెదవి పగిలి నోరంతా రక్తం. ఆమె కుడిచేతిని సొరుగులో అదిమిపట్టి, రెండో చేత్తో సొరుగు మూయబోయాడు.

సారక్క గడియారం చూసింది. రెండుకు అర నిమిషం తక్కువ. రోజూ రెండింటికి కాలేజీ పక్కనున్న బొగ్గు గనిలో సైరన్, వెనకే పేలుడు. ఆ అదురుకు సూది విరగకుండా ముందే బయటికి తీయడం ఆమెకు నిత్యకృత్యం.

"ఒక్క మాట ఇను! రేపటిసంది పనికి పోను. నీ కాళ్లు మొక్కుత."

"గట్ల రా దారికి. మల్లొక్కపారి అను" అంటూ వాడు పళ్లికిలించాడు.

సైరన్ కూసింది. ఇరవై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? రాయమల్లు రెండు చేతులూ వాటంతటవే చెవుల మీదికి పోయాయి. సారక్క చెయ్యి లాక్కుని, బల్ల మీది ఇనుప స్టాండు అందుకుని, ఊపిరి బిగబట్టి, జంకకుండా వాడి మోకాలి చిప్ప మీద ఒక్కటి వేసింది. ఎముక పగిలిన చప్పుడు వెనకే పేలుడు వినిపించి కిటికీలు అదిరాయి. కూలబడ్డవాడు ఆమె కాలు పట్టి లాగబోతే మణికట్టు మీద ఇంకోటి వేసింది. ఇన్నేళ్లు కొట్టిన చెయ్యి వేలాడిపోయింది.

"పోలీసులకు ఫోన్ చేస్తున్న సారక్కా" అంది మేడం ఏడుస్తూ.

"చెయ్యుండ్రి మేడం. నేను కొట్టిన్నని గూడ చెప్పుండ్రి."

నోట్లో రక్తం ఉమ్మేసి మీటరు దగ్గరికి పోయింది. సూది విరిగింది, కణం చచ్చింది. "అయ్యో, పొద్దటిసంది పడ్డ కష్టం!" అని నొచ్చుకుంది. కుడిచేతి వేళ్లు ఐదూ ముడిచి, తెరిచి చూసుకుంది. కింద వాడు మూలుగుతుండగానే ఇంకో గాజుగొట్టం తీసి మంట మీద పెట్టింది.