గిన్నెలో నిమ్మచెక్క

పోయిన వేసవిలో మావారూ నేనూ ఖమ్మం నుంచి విశాఖ చూడ్డానికి వెళ్లాం. పూర్ణా మార్కెట్టంతా తిరిగి, ఆకలికి ఆగలేక పక్కనే ఉన్న ఓ హోటల్లో దూరాం. వంజరం చేప వేపుడు ఎంత బాగుందో! ఉల్లిపాయలతో ఇచ్చిన నిమ్మచెక్కలన్నీ పిండేసుకుని, ఇంకో రెండు తెమ్మన్నారు మావారు.

నా భోజనం ముందే అయిపోయింది. చెయ్యి కడుక్కోమని వేణ్నీళ్ల గిన్నెలో నిమ్మచెక్క వేసి తెచ్చారు గానీ, కంచం ముందే కడుక్కోవడం నాకు నచ్చదు. వంటగది పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్లాను.

అక్కడ సర్వరు, ఎవరో చేతులు కడుక్కున్న గిన్నెల్లోంచి నిమ్మచెక్కలు ఏరి ఉల్లిపాయల ప్లేట్లో పెడుతున్నాడు! ఆ నీళ్లలో నూనె, మెతుకులు తేలుతున్నాయి.

"ఛీ! ఏంటయ్యా ఇది?"

"కడిగే ఏత్తన్నానమ్మా! మీ సారు అడిగినవే ఇవి," అన్నాడు తాపీగా.

మరి ఇందాక మేం పిండుకున్నవో? అక్కడే, ఆ కుళాయి దగ్గరే తిన్నదంతా కక్కేశాను.

ఇప్పుడు ఏ హోటల్లో తిన్నా, మావారు చెయ్యి కడుక్కున్న గిన్నెలోని నిమ్మచెక్కని నా ఎంగిలి చేత్తో పిప్పి చేసిగానీ లేవను. అది ఇంకెవరి చేప మీదకీ పోకూడదు.