చార్టు మీద బ్లేడు గీతలు

ఎనభైల్లో మడికొండ దారిలోని ఒక రేకుల షెడ్డులో పరీక్ష రిపోర్టుల మీద సంతకాలు పెట్టేదాన్ని. బీఎస్సీ చదివిన మనిషి సంతకముంటే కాగితానికి విలువని మా సారు నమ్మకం. ఆ మనిషి కాగితం చదువుతానంటే మాత్రం ఆయనకు తలనొప్పి.

పట్నంలోని ఒక కంపెనీ తన కేబుళ్ల నుంచి కోసిన ముక్కలు మాకు పరీక్షకు పంపేది. సముద్రంలో చమురు బావి మూతి దగ్గర, నీటి అడుగున ఒక వాల్వు ఉంటుంది. నీటిపైన కట్టిన ప్లాట్‌ఫారం మీది మనుషులు దాన్ని నడిపేది ఈ కేబుల్లోని సన్నని గొట్టాల్లో నూనె ఒత్తిడితోనే. మేం ఆ ముక్కను ఎనిమిది గంటలు ఒత్తిడిలో ఉంచాలి. ఒత్తిడి తగ్గకపోతే పాసు. గుండ్రటి చార్టు తిరుగుతుంటే దాని మీద కలం గీత గీస్తూ పోతుంది; ఒత్తిడి తగ్గితే గీత లోపలికి జారుతుంది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అలవాటుగా కరెంటు పోయింది. సాయంత్రం చూస్తే చార్టు మీది వలయంలో ఒకచోట లోపలికి దిగిన గీత. సారు బ్లేడు అందుకున్నాడు.

"కరెంటు పోయింది, గంతే గదమ్మా. గీకేస్త, సంతకం వెట్టు."

"కరెంటు పోతే కాయితం ఆగుతది సార్. కలం గూడ ఆడ్నే ఆగాలె. లోపలికెందుకు జారింది?"

పంపు నడిపే కాక నవ్వాడు. "పంపు గూడ ఆగింది గద బిడ్డా! కరెంటున్నంత సేపు తగ్గిందంత అదే నింపుతాంది."

ఒళ్ళు మండిపోయింది. నల్లా కింద చిల్లికుండ పెట్టి, నిండుగానే ఉందని సర్టిఫికెట్ ఇస్తున్నామన్నమాట!

"ఒత్తిడి తగ్గితే సముద్రంల వాల్వు దానంతటదే మూసుకుంటది," అన్నాడు సారు. "ఎవలకేం ఫికర్?"

"మీ ఇంట్ల ఫ్యూజు మాటిమాటికి పోతాంటే లావు తీగ చుట్టలేదా సార్? వాళ్లు గూడ మనుషులే. ఊకె మూసుకునే వాల్వును ఒకనాడు మూసుకోకుంట కట్టేస్తరు. నిజంగ మంట లేసిననాడు ఏం గావాలె?"

కాక ఎవరినీ అడగకుండా పంపు ఆపి, పంపుకూ కేబుల్ ముక్కకూ మధ్యనున్న వాల్వు బిగించాడు. చాయ్ అయిపోయేలోపే ఒత్తిడి చూపే ముల్లు దిగజారింది. సారు చేతనే 'ఫెయిల్' అని రాయించాను.

గెలిచాననుకుంటూ పాత చార్టుల కోసం బీరువా తెరిచాను. వెలుగుకు పట్టి చూస్తే మూడింటి మీద బ్లేడు గీకిన గరుకు. వాటి కింద నా సంతకం.

"ఈ మూడు కేబుళ్లను వాపస్ దెప్పియ్యాలె సార్."

"యాడికెళ్లి? అవి ఎప్పుడో సముద్రంల వడ్డయమ్మా."

పట్నం కంపెనీకి ఉత్తరం రాస్తానంటే మా షెడ్డు పేరున్న కాగితం ఇవ్వనన్నాడు. నా నోట్‌బుక్కులో పేజీ చించి, మొదటి వాక్యం నా మీదే రాశాను: ఈ మూడింటి మీదా చూడకుండా సంతకం పెట్టింది నేనే.

కాక దాన్ని రిజిస్టర్ పోస్టులో వేసి రసీదు తెచ్చిచ్చాడు. జవాబు రాలేదు. ఎవరైనా అడిగితే చూపిద్దామని రసీదు దాచాను. ఇన్నేళ్లలో అడిగినవాడు ఒక్కడు లేడు.