శూన్య సదిశ దగ్గర ఆగిన మా వాదన

నిన్న మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. మా వీరేశ్ పోయాడని అతని బావమరిది చెప్పాడు.

గుండెపోటు. ఇంట్లో మగ్గం పక్కనే. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. పెట్టేసి, మళ్ళీ నేనే ఫోన్ చేసి అడిగాను. అదే మాట చెప్పాడు.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

నేను ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు లెక్కలు రాస్తాను. వీరేశ్ ఎమ్మిగనూరులో ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెప్పేవాడు. మమ్మల్ని కలిపింది ఒక చిన్న సాఫ్ట్‌వేర్. చీర అంచుల డిజైన్లు గీసుకోవడానికి, నేత ఇళ్ళ కోసం ఇద్దరం కలిసి రాశాం. కోడింగ్ నేను యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. దాని వెనక మ్యాథ్స్ అంతా అతనిది.

అందులో తీగలు, కాడలు అన్నీ వెక్టర్లే. కాలేజీ పుస్తకంలో సదిశలు అంటారు. మేం బాణాలు అనేవాళ్ళం. ప్రతి బాణానికీ ఒక దిశ, ఒక పొడవు. దిశ మార్చకుండా పొడవును ఒకటి చేయడమే నార్మలైజ్.

మొదటిసారి వాళ్ళింట్లో నడిపి చూపించిన రోజు, నార్మలైజ్ చేయడానికి నేను రాసిన ఫంక్షన్ కొత్త బాణం ఇవ్వకుండా అసలు బాణాన్నే కత్తిరించేసింది. అంచులో పూల కాడలన్నీ ఒకే పొట్టి సైజు.

వాళ్ళ నాన్న మగ్గం మీద నుంచే తొంగి చూశారు.

"ఏందప్పా, మేకలు మేసిపోయిన చేను మాదిరి ఉండాది?"

వీరేశ్ నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడ్డాడు.

ఆ రోజే రూల్ పెట్టాడు. 'నార్మలైజ్' అని పిలిస్తే అసలుది మారాలి. 'నార్మలైజ్డ్' అంటే అసలుదాన్ని ముట్టుకోకుండా కొత్తది ఇవ్వాలి. నేను వెంటనే ఒప్పుకున్నాను.

తేలనిది ఒక్కటే. పొడవు సున్నా అయిన బాణం, అంటే ఏ దిశా లేని శూన్య సదిశ, వస్తే ఏం చేయాలి?

సున్నానే తిరిగి ఇచ్చేద్దాం, నేసేవాళ్ళ పని మధ్యలో ఆగకూడదు అని నేను. ఎర్రర్ చూపించి ఆగిపోవాల్సిందే అని అతను.

"లేని దిశ యాడనుంచి తెస్తావన్నా? ఊరికే సున్నా ఇస్తే అబద్ధం సెప్పినట్టే."

పెద్ద సాఫ్ట్‌వేర్లు కూడా ఒక్కొక్కటి ఒక్కోలా చేస్తాయి. ఎవరికి అనుకూలమైనవి వాళ్ళం స్క్రీన్‌షాట్లు తీసి పంపుకునేవాళ్ళం. ఈ ఆదివారం కూర్చుని తేల్చేద్దాం, ఆ తర్వాత నేత ఇళ్ళకు ఇచ్చేద్దాం అనుకున్నాం.

ఆ ఫోన్ పెట్టేశాక వాట్సాప్ చూశాను. పొద్దున అతను పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. మిల్లు చప్పుడులో వినకుండా వదిలేశాను.

"నీ మాటే కానీలేన్నా. మా నాయన పని మధ్యలో నిలిచిపోతే నేనే సూడలేను. సున్నానే పెట్టు."

ఇన్నాళ్ళూ ఒప్పుకోనివాడు.

నిన్న నేను రోజువారీ లెక్క రాయలేదు.

ఈ ఉదయం ఆ ఫంక్షన్ పూర్తి చేశాను. సున్నా బాణం వచ్చినా డిజైన్ ఆగదు. కానీ స్క్రీన్ కింద ఒక లైన్ కనిపిస్తుంది: 'ఈ బాణానికి దిశ లేదు.'

పని ఆగదు వీరేశ్. అబద్ధమూ చెప్పదు.

ఇది నీకు సరేనా అని అడగాలని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

నిమ్మళంగా ఉండు తమ్ముడూ. ఇక్కడి పని నేను చూసుకుంటాను.