శ్రీకూర్మం బస్సులో పక్కసీటు మనిషి

నాలుగు వందల ఏళ్ల కిందట ఐరోపాలో మంత్రగత్తెలన్న నెపంతో జనం చంపేసిన ఆడవాళ్ల చరిత్ర కాలేజీలో చెప్పడం నా ఉద్యోగం. శ్రీకాకుళంలో ఒక సదస్సుకు వెళ్లి, మర్నాడు శ్రీకూర్మం బస్సెక్కాను. పక్కసీట్లో ఖాళీ చేపల గంపతో ఒక ముసలామె కూర్చుంది.

"ఏటి సదువుతన్నావమ్మా?" అంది నా చేతిలో పుస్తకం చూసి. చెప్పాను.

"సిల్లంగి పెట్టీవోళ్లా?" అంది. అక్కడ చేతబడిని చిల్లంగి అంటారు. "ఆళ్ల పళ్లు పీకనేదా?"

ఎందుకు పీకడం అన్నాను.

"పళ్లుంటే మంత్రం పలుకుతాది కదా!" అంటూ నోరు తెరిచింది. ముందుపళ్లు ఒక్కటీ లేవు. పక్కింటి పసిపిల్ల జ్వరంతో పోతే ఊరంతా ఆమెనే అనుమానించారట.

ఆమె మళ్లీ అడిగింది. "ఆ ఆడోళ్లు ఒప్పీసుకున్నారా?"

"కొడితే ఒప్పుకున్నారమ్మా."

"నానూ అంతే. దెబ్బలకాగనేక నానే సంపీసినానని సెప్పీసినాను." గొంతు బాగా తగ్గించింది. "అలగ సెప్పినకాడ్నించీ నాకే అనుమానంగా ఉన్నాది. నిజంగా నానే సంపీసినానేటో!"

ఆ పిల్లను చంపింది జ్వరమే, నువ్వు కాదన్నాను. ఆమె విన్నట్టు లేదు. అంతలో ఆమె ఊరొచ్చింది. తలుపు పక్కన ఒకావిడ ఒళ్లో పసిబిడ్డ నిద్రపోతోంది. ముసలామె అక్కడిదాకా వెళ్లి, కొంగుతో కళ్లు రెండూ కప్పుకుని, తడుముకుంటూ మెట్లు దిగింది.