పెనుకొండ ఇంట్లో మేం ముగ్గురం

పెనుకొండలో మేమున్న ఇంటి వంటగది కిటికీలోంచి కొండ కనిపించేది. పొద్దున కాఫీ పెట్టే వంతు ఎవరిదైతే వాళ్లు ఆ కిటికీ దగ్గర నిలబడి మిగతా ఇద్దరినీ కేకేసేవాళ్లు. ముగ్గురం ఆడపిల్లలం, ముగ్గురం మనసుకు జబ్బు చేసి ఆస్పత్రి చూసొచ్చినవాళ్లమే. అయినా ఆ ఇల్లు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మా నవ్వులే.

మాది పరిగి దగ్గర పల్లె. హిందూపురంలో డిగ్రీ చదువుతుండగా నాకు జబ్బు మొదలైంది. గదిలో ఎవరూ లేకపోయినా ఎవరో నన్ను తిడుతున్నట్టు వినిపించేది. మందులతో ఆ గొంతులు తగ్గాయి. కానీ నేను ఇంట్లోంచి కదల్లేదు. అమ్మ నా తల దువ్వేది, మాత్ర చేతిలో పెట్టి మింగేదాకా ఎదురుగా నిలబడేది. చుట్టాలు మాత్రం, "పెండ్లి చేసేయండప్పా, అంతా సరిపోతాది" అనేవాళ్లు.

ఆస్పత్రిలో పరిచయమైన ఒక అక్క మా ఇంటికొచ్చింది. నాలాంటి పిల్లలు సొంతంగా బతకడం నేర్చుకోవడానికి ఆమె ఆస్పత్రి తరఫున పెనుకొండలో ఆ ఇల్లు నడిపేది.

"పాపకు ఇప్పుడు బాగుండాదన్నా. మీరే ఇంకా మంచం మీద మనిషిని చూసినట్ల చూస్తాండారు," అంది నాయనతో.

"ఆడ ఏమన్నా అయితే?"

"ఈడ కాలేదా?"

నాయన ఆ వారమే నన్ను పెనుకొండకు తీసుకుపోయి దించాడు.

మొదటిసారి టమోటాలకు పోయినప్పుడు, అంగడాయన "ఎంత కావల్లమ్మా?" అని అడిగాడు. అంతే, నోట మాట రాక ఉత్త సంచితో తిరిగొచ్చాను. ఆ పూట అందరం పచ్చిమిరపకాయ కారంతో సంగటి తిని కళ్లనీళ్లు కారుస్తూ నవ్వుకున్నాం. మర్నాడు అక్క మళ్లీ నన్నే పంపింది.

కొన్నాళ్లకు ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో పని దొరికింది. చీరలకు ఫోటోలు తీసి ఫోన్లో అడిగినవాళ్లకు పంపాలి. అంగడి నడిపే ఆమెకు నా జబ్బు సంగతి చెప్పాలా వద్దా అని అక్క నన్నే అడిగింది. చెప్పమన్నాను.

మొదటి రోజు ఒక్కదాన్నే రైలెక్కాను. సగం దారిలో ఆ గొంతులు మళ్లీ మొదలయ్యాయి. ఏదో చిన్న స్టేషన్లో దిగేసి అక్కకు ఫోన్ చేశాను.

"యాడుండావు?"

"తెలీదక్కా. దిగేస్తిని. వాళ్లు మళ్లీ తిడతాండారు."

"తిట్టనీలే. ముందు నీళ్లు తాగు. నీ ఎదురుగా ఏముండాయి?"

"మేకలు."

"ఏం చేస్తాండాయి?"

"వేపకొమ్మ పీకతాండాయి."

"నేను రావల్నా? నువ్వే పోతావా? ఏదైనా నాకు సరే."

రమ్మందామని నోటిదాకా వచ్చింది. మేకల్ని చూస్తూ కూర్చున్నాను. గొంతులు పూర్తిగా పోలేదు గానీ, వాటి మధ్య అక్క మాట స్పష్టంగా వినిపిస్తోంది. "పోతా అక్కా," అన్నాను. రోడ్డు మీదికి నడిచి ఆటో పట్టుకుని ధర్మవరం చేరేసరికి మధ్యాహ్నమైంది. అంగడామె ఆలస్యం గురించి అడగలేదు. "అన్నం తింటివా?" అని అడిగి, తిన్నాక ఒక చీర నా ముందు పరిచింది.

ఇప్పుడు ధర్మవరంలోనే గది తీసుకుని ఉంటున్నాను. మధ్యలో ఒకసారి, అంతా బాగుంది కదా అని మందులు మానేసి మళ్లీ ఆస్పత్రి పాలయ్యాను. తిరిగొచ్చేదాకా అంగడామె నా చోట ఇంకెవరినీ పెట్టుకోలేదు. అక్కకు వేరే ఊరికి బదిలీ అయింది. పెనుకొండ ఇంట్లో ఎవరో కాపురం ఉంటున్నారు. రైల్లో అటు పోతే మెడ తిప్పి చూస్తాను గానీ, రైలు నుంచి ఆ ఇల్లు కనిపించదు.

మా ముగ్గురిలో ఒకామె హిందూపురంలో కుట్టుమిషన్ పెట్టుకుంది. ఇంకొకామె కదిరిలో తల్లిదండ్రుల దగ్గరే ఉంది, ఇంకా కోలుకోలేదు. కిందటి ఆదివారం ఆమెను వాళ్లమ్మ మా అంగడికి తీసుకొచ్చింది. ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా చీరల మధ్య కూర్చుంది. చాలాసేపటికి నెమలికంఠం రంగు చీర మీద చెయ్యి వేసి నిమిరి, "ఇది బాగుండాది మే," అంది నాతో. నేను ఆ చీర మడత విప్పి ఆమె ఒడిలో పరిచాను.