ప్రేమానందం మాటకు షాకీర్ అరబ్బీ

షాకీర్ చేసే ఉద్యోగం ఏమిటని అడిగితే అతని భార్య మహబూబ్బీ "ఆఫీసులో" అని ఊరుకుంటుంది. అంతకు మించి చెప్పటం ఆమెకే కాదు, ఎవరికైనా కష్టమే. సౌదీలోని హాయిల్‌లో గోధుమ పొలాలూ టమాటా షెడ్లూ ఉన్న ఒక పెద్దమనిషి, ఆటగాళ్లకు జీతాలిచ్చి ఒక బాస్కెట్‌బాల్ జట్టును నడుపుతున్నాడు. ఆయన్ని అందరూ ముదీర్ అంటారు, అంటే పెద్దసారని. ముదీర్‌కి అరబ్బీ తప్ప మరో ముక్క రాదు. జట్టు కోచ్‌కి తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, హిందీ వచ్చు, అరబ్బీ మాత్రం రాదు. ఆ ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చుని ఈయన మాట ఆయనకూ, ఆయన మాట ఈయనకూ చేరవెయ్యటమే షాకీర్ పని.

వినటానికి ఎంత సుఖమైన ఉద్యోగం! చేసేవాడికి తెలుస్తుంది దాని సంగతి.

రాయచోటి నుంచి వచ్చిన కొత్తలో షాకీర్ ఆ పొలాల్లోనే టమాటా లారీ డ్రైవరు. పక్క సీట్లో కూర్చునే ముసలి అరబ్బులతో వాదించి, వాళ్ల చేత తిట్లు తిని, ఆ తిట్లతో సహా భాష నేర్చుకున్నాడు. అప్పట్లో క్లబ్బులో మాటలు చేరవేసేవాడు వాజిద్ అని హైదరాబాదు మనిషి. పాత కోచ్ ఒకరోజు ఒళ్లు మండి, ఈ ముదీర్‌కి టమాటాల గురించి తెలిసినంత ఆట గురించి తెలిసుంటే మనం ఎప్పుడో గెలిచేవాళ్లం అన్నాడు. వాజిద్ ఉన్నదున్నట్టు దాన్ని అరబ్బీలో దించేశాడు. ఆ వారంలోనే ఇద్దరికీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు. ఆ ఖాళీలోకి షాకీర్ వచ్చాడు.

దాంతో ఇకామా మీద, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు మీద, అతని పని డ్రైవరు నుంచి ఆఫీసు గుమాస్తాగా మారింది. డ్రైవరు ఇకామా మీద భార్యను తెచ్చుకోనివ్వరు. గుమాస్తా అయితే తెచ్చుకోవచ్చు. పెళ్లయిన ఇన్నేళ్లకు మహబూబ్బీ వచ్చి, కూరగాయల మార్కెట్ వెనక రెండు గదుల్లో పొయ్యి వెలిగించింది. ఆ రోజు షాకీర్ మనసులో ఒకటే అనుకున్నాడు. ముదీర్ చెవిలో చేదు మాట పడటమంటూ జరిగితే, అది నా నోటి నుంచి మాత్రం కాకూడదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అతను చెడ్డవాడు కాడు. భయస్తుడు.

తర్వాత వచ్చిన కోచ్ ప్రేమానందం. నరసాపురం మనిషి, ఒకప్పుడు రైల్వే జట్టుకు ఆడినవాడు, యాభై దాటాక చవగ్గా దొరికాడు. మొదటి సమావేశంలోనే కుర్చీ ముందుకు లాక్కుని అసలు సంగతికి వచ్చేశాడు. "తమ్ముడూ, సార్‌కి చెప్పు. బంతి నడిపించే గార్డులు మనకి కావలసినంతమంది ఉన్నారు. బోర్డు కింద కాసే సెంటరే లేడు. ఆ నాయిఫ్ కుర్రాడు పొడుగేగానీ, బోర్డు కింద ఎవడైనా భుజం తగిలిస్తే పక్కకి జరిగి దారిచ్చేస్తాడు. ముందు వాణ్ణి పక్కనపెట్టి ఓ గట్టి సెంటర్‌ని తెమ్మను."

నాయిఫ్ ముదీర్‌కి సొంత మేనల్లుడు. షాకీర్ గొంతు సవరించుకుని అరబ్బీలో ఇలా చెప్పాడు. "మీ మేనల్లుడు రత్నమంటున్నాడు, యా ముదీర్. కాస్త సానబెడితే చాలంటున్నాడు."

ముదీర్ ముఖం విప్పారింది. స్వయంగా లేచి కోచ్ కప్పులో గహ్వా కాఫీ పోశాడు. బయటికి వచ్చాక ప్రేమానందం తల గోక్కున్నాడు. "అదేవిట్రా, మేనల్లుడు పనికిరాడంటే నవ్వుతాడేంటీయన?"

"ఆయప్ప అలవాటే అంతన్నా," అన్నాడు షాకీర్.

అలా రెండేళ్లు గడిచాయి. ఏటా సీజను ముగిశాక డ్రాఫ్ట్ ఉంటుంది. కొత్త ఆటగాళ్ల పేర్లన్నీ ఒకచోట పెడతారు, అట్టడుగున మిగిలిన జట్టు అందరికంటే ముందు ఎంచుకోవాలి. ఆ ముందు అవకాశం రెండేళ్లూ మన వాళ్లకే దక్కింది, ఎందుకు దక్కిందో వేరే చెప్పాలా! రెండేళ్లూ ప్రేమానందం సెంటర్ సెంటర్ అని మొత్తుకున్నాడు. కోచ్ ఏమంటున్నాడని ముదీర్ అడిగితే, మీ కంటికి నచ్చినవాణ్ణి తీసుకోమంటున్నాడని షాకీర్ చెప్పాడు. ముదీర్ కంటికి గంతులేసే పొట్టి గార్డులే నచ్చారు. రెండేళ్లూ జట్టు అడుగునే ఉంది. రింగుకు తగిలి బయటపడిన బంతి ప్రతిసారీ అవతలివాళ్ల చేతిలోకే పోయేది, నాయిఫ్ దాన్ని సాగనంపుతున్నట్టు చూస్తూ నిలబడేవాడు.

శుక్రవారాలు ప్రేమానందం షాకీర్ ఇంట్లోనే భోంచేసేవాడు. ఈ ఏడు డ్రాఫ్ట్ ఇంకో వారం ఉందనగా వచ్చిన శుక్రవారం, అతను అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఈసారి కూడా సెంటర్ రాకపోతే నా పని అయిపోయినట్టే తమ్ముడూ. జట్టు మళ్లీ కిందే ఉంటాది, నన్ను పంపించేస్తారు. ఈ వయసులో నాకింకెవడు జట్టు ఇస్తాడు?" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు. "దాని గురించి కాదులే బాధ. ఇన్నేళ్లు ఈ ఆటలో బతికేను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఆ పెద్దమనిషి బుర్రకెక్కేలా చెప్పలేకపోయేను. నాకు చెప్పటం రాదేమో. అసలు నాకు ఆటే రాదేమో."

షాకీర్ తన కంచం పక్కకు జరిపాడు.

ప్రేమానందం వెళ్లాక మహబూబ్బీ కంచాలు తియ్యకుండా భర్త ఎదురుగా కూర్చుంది. "నిజం చెప్పు. ఆయప్ప మాట ఆయప్ప చెప్పినట్టే చెప్తావుండావా నువ్వు?"

భార్య సూటిగా అడిగితే దాచటం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. అంతా చెప్పేశాడు.

"ఈడ కూర్చోబెట్టి అన్నం పెట్టేది, ఆడికి పోయి గొంతు కోసేదా?" అంది ఆమె.

"నిజం చెప్తే మనం రాయచోటికి పోవాల్సొస్తాది."

"పోతాంలే. ఆడ మనుషులు బతకడంలేదా? నా కోసమని ఇంకొకర్ని నాశనం చేసినావంటే, ఈ రెండు గదులు నాకొద్దు."

సిగ్గుతో షాకీర్ తలెత్తలేకపోయాడు. మర్నాటి నుంచీ తనకు తనే ధైర్యం చెప్పుకోవటం మొదలుపెట్టాడు. చెప్పేస్తాను, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, ఎగ్జిట్ కొడితే కొట్టనీ అనుకున్నాడు. అనుకున్న కొద్దీ మనసు తేలికపడింది. రెండేళ్లలో మొదటిసారి కడుపునిండా తిన్నాడు కూడా.

డ్రాఫ్ట్‌కు ముందు సమావేశం ముదీర్ ఆఫీసులో జరిగింది. ప్రేమానందం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఖరి అవకాశమని తెలిసినవాడిలా నెమ్మదిగా, ఒక్కొక్క ఆటగాడి గురించీ చెప్పాడు. పెద్ద గార్డుకు చూపు మంచిది గానీ ఆఖరి క్వార్టర్‌కు ఊపిరి ఉండదు. ఎడమచేతివాటం కుర్రాడు బంతి బాగా వేస్తాడు, కాపలా కాయడు. కిందటేడు తీసుకున్న గార్డు ఎగురుతాడు, ఎగిరి ఏం చెయ్యాలో తెలీదు. బెంచీ మీదివాళ్లు బెంచీకే పనికొస్తారు. ఇదంతా సర్దుకోవచ్చు. కానీ బోర్డు కింద నిలబడేవాడు లేకుండా ఏదీ నిలబడదు. నాయిఫ్ మంచి పిల్లాడు, మర్యాదస్తుడు, సెంటర్ మాత్రం కాడు. ఈసారి మొదటి పేరు సెంటర్‌దే కావాలి.

షాకీర్ ఒక్క అక్షరం పోకుండా అంతా అరబ్బీలో చెప్పాడు. నాయిఫ్ ముచ్చట దగ్గర కూడా ఆగలేదు. చెప్పి, పిడుగు కోసం ఎదురు చూశాడు.

ముదీర్‌కు కోపం రాలేదు. కప్పు కింద పెట్టి, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు కోచ్ వంక చూశాడు.

"షాకీర్, ఇతన్నొక మాట అడుగు. నా మేనల్లుడు రత్నమని రెండేళ్లు చెప్పింది ఈ నోరే కదా? నా కంటికి నచ్చినవాణ్ణే తీసుకోమన్నదీ ఇతనే కదా? అప్పుడు నన్ను మెప్పించటానికి అబద్ధమాడాడా, లేక తన ఓటమిని ఆ పిల్లాడి మీదికి నెట్టటానికి ఇప్పుడు ఆడుతున్నాడా?"

అయ్యో! ఎగ్జిట్‌కు సిద్ధపడి వచ్చాడు, తిట్లకు సిద్ధపడి వచ్చాడు. ఈ ప్రశ్న వస్తుందని మాత్రం వారం రోజుల్లో ఒక్కసారైనా తట్టలేదు ఆ పిచ్చివాడికి. రెండేళ్ల అబద్ధం పక్కన ఈ రోజు నిజాన్ని నిలబెడితే, అబద్ధాలకోరుగా తేలేది తను కాదు, ప్రేమానందం.

"ఏవంటున్నారు తమ్ముడూ?" అని ప్రేమానందం ముందుకు వంగాడు.

ఒక్క మాట చాలు. రెండేళ్లూ అబద్ధం చెప్పింది నేను అని ముదీర్‌తో అంటే చాలు. ఆ మాట షాకీర్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వారమంతా కూడబెట్టుకున్న ధైర్యం అప్పటికే ఖర్చయిపోయింది.

"ఇంకేమన్నా చెప్పాల్సింది ఉండాదా అని అడుగుతాండారన్నా."

ప్రేమానందం నిటారుగా కూర్చున్నాడు. "ఇంకేటుంటాది? రెండేళ్ల నుంచీ ఏ మాట చెప్పేనో ఇవాళా అదే చెప్పేను. నా మాటలో మార్పులేదని చెప్పు."

దీన్ని ఉన్నదున్నట్టు చెబితే గుట్టు బయటపడుతుంది. ఏమీ చెప్పకపోతే పొగరనుకుంటారు. షాకీర్ నోరు తనకు అలవాటైన దారిలోనే పోయింది. "తప్పయిపోయిందంటున్నాడు, యా ముదీర్. క్షమించమంటున్నాడు."

కోచ్‌ను కాపాడదామనే అన్నాడు ఆ మాట! ముదీర్ తల పంకించాడు. "ఓడిపోయే కోచ్‌ని భరిస్తాను. నాతో ముందు ఒకటి, తర్వాత ఒకటి మాట్లాడేవాణ్ణి భరించను. ఖలాస్." లేచి వెళ్లిపోయాడు.

మేనల్లుణ్ణి కాదన్నందుకే పంపించేస్తున్నారని ప్రేమానందం అనుకున్నాడు. షాకీర్ ఔననలేదు, కాదనలేదు. ఇంటికి వెళితే మహబూబ్బీ గుమ్మంలోనే అడిగింది. "చెప్పినావా?"

"అంతా చెప్పినా. అయినా ఆయప్పని పంపించేస్తాండారు."

"మరి యాల పంపిస్తాండారు?"

అతను చెప్పులు విప్పి లోపలికి పోయాడు. ఆమె మళ్లీ అడగలేదు, ఆ రోజు నుంచీ అతనితో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది.

డ్రాఫ్ట్ జరిగింది. ఆ అబద్ధాలకోరు చెప్పిన సెంటర్ మనకెందుకని ముదీర్ మొదటి పేరుగా మరో పొట్టి గార్డును తీసుకున్నాడు.

మర్నాడు షాకీర్ ప్రేమానందం సామాను సర్దటానికి సాయం వెళ్లాడు. ఆ రోజు ఎలాగైనా నిజం చెప్పేసి, కాళ్లు పట్టుకోవాలని వెళ్లాడు. ప్రేమానందం సూట్‌కేసు మూత మీద కూర్చుని జిప్పు లాగుతూ ముందుగా అడిగింది ఒకటే.

"సెంటర్‌ని తీసుకున్నారా?"

ఆ మొహంలో ఆశ షాకీర్‌కు కనబడింది.

"తీసుకున్నారన్నా."

"నిజంగా? ఎంత పొడుగు?"

"ఏడడుగులకి రవ్వంత తక్కువంట."

ప్రేమానందం జిప్పు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి కన్నీళ్లు కారుతుంటే నవ్వుతున్నాడు. "విన్నాడ్రా. నన్ను తోలేస్తే తోలేసేడు గానీ, ఆఖరికి నా మాట విన్నాడు. ఇంకేం కావాలి నాకు? నీ ఉద్యోగం పోతాదని తెలిసీ ఆయన మొహం మీదే చెప్పేవు చూడు, సొంత తమ్ముడైనా చెయ్యడు అంత పని."

లేచి వచ్చి షాకీర్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మొదటి మ్యాచ్ రోజు నాకు వీడియో కాల్ చెయ్యాలి నువ్వు. ఆ కుర్రాణ్ణి ఓసారి ఫోను దగ్గరికి పిలువు. బోర్డు కింద ఎలా నిలబడాలో నాలుగు ముక్కలు చెబుతాను. నువ్వు అరబ్బీలో చెబుదువుగాని."

"అట్లనే అన్నా," అన్నాడు షాకీర్.